నలుపునకు రెండు కొలతలు

కొలది మాసముల క్రిందట మా చెన్నూరులో జరిగిన యొక చిన్న సంగతితో ఈ వ్యాసము నారంభించుచున్నాము. సంగతి చిన్నదే, దాని వేరు మాత్రము లోతైనది. మాకు చిరపరిచితుడగు నొక గృహస్థునకు ఒక కుమార్తె కలదు. ఆమె పట్టపరీక్షయందు ఉత్తీర్ణురాలై, ఉపాధ్యాయ శిక్షణమును ముగించి, పెండ్లి వయస్సులో నున్నది. ఒక సంబంధము వచ్చినది. వరుడు బొగ్గుగనిలో ఉద్యోగి, బుద్ధిమంతుడు. మేనిచాయలో ఆమెకు తీసిపోవువాడు కాడు. నిజము చెప్పవలసివచ్చిన, ఆమెకంటె ఒక పాలు నలుపే. చూపులు ముగిసినవి. నాలుగవ దినమున మధ్యవర్తి వచ్చి జవాబు చెప్పినాడు: "పిల్ల మంచిదే, సదువుకున్నదే, గాని జర నలుపు."

ఆ సాయంకాలము పఠనమందిరములో ఆ తండ్రి మాతో నిట్లనెను: "వకీలు సాబ్, నేను పిల్లగాని ఇల్లు చూడబోయిన్నాడు గోడకు పెద్ద బొమ్మ ఉండె. మొకం నిండ బొగ్గుమసి పూసుకున్న హీరో బొమ్మ. గా నలుపుకు దండం పెడ్తరు, నా బిడ్డ నలుపుకు వంక పెట్టిన్రు."

ఇరువది సంవత్సరములుగా వకీలువృత్తిలో నున్న మాకు ఈ మాటకు తగిన ప్రత్యుత్తరము తోచలేదు. ఆనాటి నుండి ఆలోచింపగా ఆ తండ్రి పలికినది ఒక ఇంటి దుఃఖము మాత్రమే కాదనియు, మన సినిమా యంతటి మీద వేయదగిన అభియోగమనియు తేలినది. మన చలనచిత్రములలో నలుపు పురుషునకు ఆభరణము, స్త్రీకి అపరాధము. ఒకే రంగునకు రెండు కొలతలు. ఆ అభియోగమును సాక్ష్యములతో చదువరుల ముందుంచుటయే ఈ వ్యాసోద్దేశము.

ఆ గోడమీది బొమ్మ 'దసరా' చిత్రమునకు చెందినది. శ్రీకాంత్ ఓదెల దర్శకత్వమున, నాని కథానాయకుడుగా 2023 మార్చి 30వ తేదీన విడుదలయైన ఈ చిత్రము మనకు పొరుగు కథయే. సింగరేణి గనుల చెంతనున్న వీర్లపల్లి యను పల్లెయందు కథ నడచును. కథానాయకుని ముఖము, మెడ, చేతులు మసిబారియుండును. ఆ మసి అతని శ్రమకు, మొండితనమునకు, మగతనమునకు గుర్తు. మందమర్రి, శ్రీరాంపురము, బెల్లంపల్లి గనుల నుండి పని ముగించి వెలికివచ్చు మన సోదరులను ఎరిగిన వారెవ్వరును ఆ మసిని చూచి గర్వింపకుండలేరు. మేమును గర్వించితిమి.

దీనికి ముందు 2018లో సుకుమార్ తీసిన 'రంగస్థలము'లో రాంచరణ్ ఎండకు కమిలిన పల్లెటూరి యువకుడుగా కన్పట్టెను. అదే దర్శకుడు 2021 డిసెంబరులో విడుదల చేసిన 'పుష్ప'లో అల్లు అర్జున్ ఎఱ్ఱచందనము నరకు కూలివాడై, ముఖమునకు నలుపు పూసికొని నటించెను. ఆ పాత్రకే 2023లో ప్రకటింపబడిన 69వ జాతీయ చలనచిత్ర పురస్కారములలో ఉత్తమనటుడుగా ఎన్నికయ్యెను. తెలుగు నటునకు ఆ గౌరవము లభించుట అదియే ప్రథమము. ఆ నటనకు మెచ్చికోలు న్యాయమే. తెల్లని నాయకులనే చూచి యలవాటుపడిన తెలుగుతెర నల్లని కూలివానిని నెత్తికెత్తుకొనుట మంచి మార్పే యని మా యభిప్రాయము.

ఇచ్చట నొక న్యాయమైన ఆక్షేపణ రాగలదు. "ఆ చిత్రములలో కథానాయికలకును నలుపు పూసినారు గదా! 'రంగస్థలము'లో సమంత, 'పుష్ప'లో రష్మిక, 'దసరా'లో కీర్తి సురేశ్ తమ సహజవర్ణముకంటె నల్లగానే కన్పడిరి. ఇక రెండు కొలతలెచ్చట?" అని. ఆక్షేపణలో సత్యము కలదు. దానిని మేము కాదనము. కాని దానిని మరియొక అడుగు ముందునకు తీసికొనిపోవలయును. నల్లని పాత్రకు నల్లని స్త్రీ ఏల దొరకలేదు? సింగరేణి పల్లెలో పుట్టిన పిల్లగా నటించుటకు సింగరేణి పల్లెలలో ఎండకు కమిలిన పిల్లలు లేరా? పూతతో తెచ్చిన నలుపును మెచ్చుకొని, పుట్టుకతో వచ్చిన నలుపును గుమ్మమువద్దనే ఆపివేయుట ఎక్కడి న్యాయము?

పురుషుల విషయమున ఆ గుమ్మము ఎన్నడో తెరచుకొన్నది. నల్లని మేనితోనే రజనీకాంతుడు దక్షిణదేశమున కెల్ల ఆరాధ్యుడైనాడు. తెలుగున సందీప్ రాజ్ దర్శకత్వమున 2020లో వచ్చిన 'కలర్ ఫొటో'లో సుహాస్ అను నటుడు కథానాయకుడయ్యెను. నల్లని పేదవిద్యార్థి తెల్లని కన్యను ప్రేమించి వర్ణముచేత అవమానము పొందుటయే ఆ కథ. ఆ చిత్రమునకు 68వ జాతీయ పురస్కారములలో ఉత్తమ తెలుగు చిత్రముగా బహుమానము వచ్చినది. చూచినవారి కన్నులు చెమర్చినవి. మా కన్నులును చెమర్చినవి. ఇపుడు ఆ కథను తలక్రిందుచేసి చూడుడు. నల్లని పేద విద్యార్థిని, ఆమెను ప్రేమించు తెల్లని యువకుడు! అట్టి కథలు మన తెరమీద ఎన్ని వచ్చినవో చదువరులు తమ జ్ఞాపకమును తడవికొందురుగాక. వ్రేళ్ళు మిగిలిపోవును. నల్లని పురుషుని దుఃఖము కావ్యవస్తువైనది. నల్లని స్త్రీ దుఃఖము నవ్వులపాలైనది.

నవ్వులపాలైనదనుటకు ప్రత్యక్ష నిదర్శనము కావలెనా? తమిళమున నిర్మితమై తెలుగులో అనువాదముగా మన పట్టణముల యందెల్ల ఆడిన 'శివాజీ' (2007) చిత్రమును గుర్తు తెచ్చుకొనుడు. అందు నాయకుడు రజనీకాంతుడు. తన నలుపును గూర్చి నాయిక అన్నమాటకు తెల్లబడుటకై అతడు పడు పాట్లు మనలను నవ్వించును. అయినను ఆ నవ్వు ప్రేమతో కూడిన నవ్వు. చిత్రాంతమున అతడు నల్లని నాయకుడే, విజయము అతనిదే. అదే చిత్రమున పొరుగింటి ఇరువురు కన్యలు కలరు. వారి ముఖములకు కాటుకవంటి నలుపు పులిమినారు. ఆ పిల్లలను చూడగనే నాయకుడును అతని చెలికాడును బెదరిపోవుటయే అందలి హాస్యము. ఒకే చిత్రములో, ఒకే రంగు, ఒకనికి పూలదండ, ఇరువురకు పరిహాసము! రెండు కొలతలకు ఇంతకంటె స్పష్టమైన సాక్ష్యము న్యాయస్థానమునందైనను దొరకదు.

ఇది నేటి రోగము కాదు. గూడవల్లి రామబ్రహ్మము 1938లో 'మాలపిల్ల' తీసి దేశమున సంచలనము గలిగించెను. అస్పృశ్యతను ఖండించిన ఆ చిత్రము మనకు గర్వకారణము. కాని మాలపిల్లగా నటించినది ఎవరు? నాటి సౌందర్యవతులలో అగ్రగణ్య యని పేరొందిన కాంచనమాల. సంస్కర్త సైతము పేదపిల్లను తెరకెక్కించునప్పుడు ఆ వెలుగు లేక ప్రేక్షకుడు సానుభూతి చూపడని భయపడెనేమో! 1965లో వచ్చిన 'నాదీ ఆడజన్మే' చిత్రమున నల్లని కోడలి కష్టములే కథ. అది తమిళమున 1963లో వచ్చిన కథయే. హిందీలో 1964లో మీనాకుమారితో తీసిరి. తెలుగున ఆ నల్లని కోడలుగా మహానటి సావిత్రి నటించెను. ఆమె నటనకు వంక పెట్టువాడు రసికుడు కాడు. అయినను ఆలోచింపుడు: ఆ కథలో నల్లని కోడలు ఓర్పుచేత, సేవచేత తన విలువను నిరూపించుకొనవలెను. నల్లని అల్లుడు దేనిని నిరూపించుకొనవలెనని ఏ కథయైనను అడిగినదా?

పురాణచిత్రముల సంగతి మరింత విచిత్రము. నల్లని రాముని, నల్లని కృష్ణుని పాత్రలకు మనవారు శాస్త్రము తప్పకుండ నీలవర్ణము పూయుదురు. పూర్తిగా రంగులలో వచ్చిన మొదటి తెలుగు చిత్రమగు 'లవకుశ' (1963)లో నందమూరి తారకరామారావు నీలమేఘశ్యాముడుగా వెలిగిన తీరును నేటికిని జనము మరువలేదు. కాని ద్రౌపది మాట యేమి? ఆమెకు భారతమున కృష్ణ యను పేరు కలదు. ఆ పేరు ఆమె నల్లని మేనిచాయను బట్టి వచ్చినదే. అంతటి రాజసభను నిలదీసిన మహాసౌందర్యవతిని వ్యాసుడు నల్లనిదానిగా చెప్పగా, మన తెరమీద ద్రౌపదులు తెల్లనివారుగనే నడచిరి. పురుషుని నలుపు దైవలక్షణమని గ్రంథమును అనుసరించినవారు, స్త్రీ నలుపు దగ్గరకు రాగానే గ్రంథమును మూసివైచిరి.

"ఇదియంతయు వ్యాపారము; జనము తెల్లని నాయికనే కోరుదురు" అని నిర్మాతలందురు. దీనికి సమాధానముగా ఒక నటి జీవితమును చూపుదుము. ఐశ్వర్యా రాజేశ్ తెలుగు కుటుంబమున పుట్టినది. తండ్రి రాజేశ్ తెలుగు నటుడు, మేనత్త హాస్యనటి శ్రీలక్ష్మి. చెన్నపట్టణమున పెరిగి నటనకు పూనుకొన్నపుడు, తన రంగును చూచి నాయికగా పనికిరావని చెప్పినవారున్నారని 2020లో ఒక సభయందు ఆమె స్వయముగా చెప్పినది. అదే సంవత్సరము 'వరల్డ్ ఫేమస్ లవర్' చిత్రమున మన ఇల్లెందు బొగ్గుగని కార్మికుని భార్య సువర్ణగా నటించినది. ఆ కథలో భర్త ఇంటిలోని ఇల్లాలిని మరచి, తనపై అధికారిణిగా వచ్చిన స్త్రీ వైపు మరలును. అట్టి పాత్రలకే ఆమెను పరిమితము చేయ జూచిరి. కాని 2025 సంక్రాంతికి విడుదలయైన 'సంక్రాంతికి వస్తున్నాం'లో వెంకటేశ్ భార్య భాగ్యముగా ఆమెను తెలుగుదేశము కుటుంబసమేతముగా వచ్చి చూచినది. చిత్రము ఘనవిజయము పొందినది. జనము కోరరను వాదము అక్కడనే వీగిపోయినది.

నందితా దాస్ పలుకులును ఇచ్చట స్మరింపదగినవి. తెలంగాణమునందలి లంబాడీ తల్లి దుఃఖమును చెప్పిన 'కమ్లి' (2006) యను తెలుగు చిత్రమున ఆమె నటించినది. పల్లెటూరి స్త్రీగా, మురికివాడలోని స్త్రీగా నటించునపుడు తన నలుపు ఎవరికిని అడ్డు కాలేదనియు, చదువుకొన్న ఉన్నతకుటుంబపు స్త్రీ పాత్ర వచ్చినపుడు మాత్రము ముఖమును కొంత తెలుపు చేసికొమ్మని సూచించుచుందురనియు ఆమె బహిరంగముగా చెప్పినది. అనగా తెరమీద నలుపు పేదరికమునకు, తెలుపు విద్యకు గుర్తులై కూర్చున్నవి. మా మిత్రుని కుమార్తె పట్టభద్రురాలు. ఆమె చదువును ఈ సినిమా నమ్మదు; చూచి చూచి పెండ్లివారును నమ్మరైరి.

ఈ మాయకు వెనుక పెద్ద అంగడియు కలదు. తెలుపు చేయుదునను లేపనము 1975లో మన విపణిలోనికి వచ్చినది. మూడు దశాబ్దముల వరకు ఆ ప్రకటనలన్నియు స్త్రీలకే. పురుషులకు ప్రత్యేకమైన లేపనము 2005లో గాని రాలేదు. ఈ ముప్పది సంవత్సరముల ఎడము ఊరక కలిగినది కాదు. నలుపు స్త్రీకి లోపమని తరతరముగా బోధించిన కాలమది. నల్లనివారిని హీనులుగా చూపరాదని ప్రకటనల ప్రమాణమండలి 2014లో నియమము చేసినది. 2020లో ఆ లేపనము పేరులోని తెలుపును తీసివేసిరి. పేరు మారినది, సీసా మారలేదు. ఇట్టి ప్రకటనను పెద్ద మొత్తమునకు సైతము అంగీకరింపక త్రోసిపుచ్చితినని 2019లో సాయిపల్లవి చెప్పినది. ఆ యొక్క నిరాకరణము పది ఉపన్యాసములకు సాటి.

న్యాయవాదిగా ఇక నొక మాట. నలుపు నెపముతో పురుషుడును బాధపడును. దానిని చట్టము గుర్తించినది. 2023 ఆగష్టులో కర్ణాటక ఉన్నత న్యాయస్థానము, నల్లనివాడని భర్తను అవమానించుట క్రూరత్వమేయని యెంచి అతనికి విడాకులు మంజూరు చేసెను. అదే సంవత్సరము డిసెంబరులో ఛత్తీస్‌గఢ్ ఉన్నత న్యాయస్థానము, నల్లనిదానవని దూషించి తన్ను వెడలగొట్టినాడని భార్య వాపోయిన వ్యవహారములో భర్త విడాకుల ప్రార్థనను నిరాకరించుచు, వర్ణపక్షపాతమును ప్రోత్సహింపరాదని హెచ్చరించెను. ఈ రెండు తీర్పులలోను కొలత ఒక్కటే. కాని 2025 జూలైలో బొంబాయి ఉన్నత న్యాయస్థానము, ఆత్మహత్య చేసికొన్న యొక భార్య వ్యవహారమున, నలుపని ఎగతాళి చేయుట నేరశాస్త్రము చెప్పు క్రూరత్వము స్థాయికి రాదని భర్తకు పడిన శిక్షను కొట్టివేసెను. విడాకులకు చాలు సాక్ష్యము శిక్షకు చాలదనుట న్యాయశాస్త్రమున కొత్త కాదు. మేము చెప్పదలచినది ఇంతే: శాసనహస్తము నాలుకవరకు చాచుకొనిపోలేదు. అక్కడ పని చేయవలసినది సంఘము. సంఘమునకు నేడు పంతులు సినిమా.

ఈ పంతులును మనము దిద్దగలమా? దిద్దినాము. రాష్ట్రోద్యమ దినములను ఒకసారి తలంపుడు. తెరమీద తెలంగాణపు మాట పలుకువాడు దుండగీడో, విదూషకుడో యైయుండెడివాడు. నాయకునకు ఆ మాట నిషిద్ధము. మేము సేవకులుగా ఊరూర తిరిగిన ఆ దినములలో, సభ తరువాత సభలో ఈ యవమానమును ప్రశ్నించినవారము. మన భాషను చూచి మనమే నవ్వుట మానితిమి. 2014 జూన్ 2వ తేదీన రాష్ట్రము వచ్చినది. 2017లో 'ఫిదా' చిత్రమున బాన్సువాడ పిల్ల భానుమతి, మన మాట మాటాడుచునే నాయికయై తెలుగుదేశమునెల్ల గెలుచుకొన్నది. నేడు ఆ మాట నాయకులకు ఫ్యాషనైనది. మాటకు జరిగిన యవమానమును సహింపని మనము, మన ఆడుబిడ్డల మేనికి జరుగుచున్న యవమానమును పైకము చెల్లించి చూచి నవ్వుచున్నామే! ఆత్మగౌరవము నాలుకకు మాత్రమేనా? చర్మమునకు లేదా?

మా ఊరి చుట్టును చూడుడు. వేసవిలో అడవికి పోయి తునికాకు కోసి తెచ్చువారు స్త్రీలు. మండుటెండలో పత్తి యేరువారు స్త్రీలు. వరినాట్లలో నడుము వంచి నిలుచువారు స్త్రీలు. గనికార్మికుని మసి స్నానముతో పోవును. ఈ తల్లుల ఎండ చర్మమునందే నిలిచిపోవును. శ్రమచేత వచ్చిన నలుపు పురుషునకు కీర్తియైనచో, అంతకంటె కఠినమైన శ్రమచేత వచ్చిన నలుపు స్త్రీకి అపకీర్తి యెట్లగును?

ఊరడింపుగా మన పెద్దలు "నలుపు నారాయణుడు మెచ్చు" నందురు. మంచి సామెతయే. కాని అది ఆడుపిల్లకే చెప్పబడుట గమనించితిరా? మగపిల్లవానికి ఊరడింపు అవసరమే లేదు. "ఉద్యోగము పురుషలక్షణ"మని అతని లెక్క వేరు. ఆడుపిల్లకు నారాయణుని మెప్పు చాలును. మగవానికి లోకము మెప్పు కావలెను!

కనుక చదువరులకు మా విన్నపము మూడు మాటలు. మొదటిది, పెండ్లి వివరములు వ్రాయునపుడు రంగును వ్రాయకుడు, అడుగకుడు. అడిగినవానిని అతని రంగేమని తిరిగి యడుగుడు. రెండవది, నల్లని స్త్రీని చూపి నవ్వించు దృశ్యము వచ్చినపుడు నవ్వకుడు. మీ ప్రక్కన కూర్చున్న బిడ్డ మీ ముఖమునే చూచుచుండును. మూడవది, మన గనుల కథలు తీయవచ్చు దర్శకులతో, నలుపు డబ్బాలో తేనక్కరలేదనియు, ఆ పాత్రకు తగిన పిల్లలు మా ఊళ్ళలో కలరనియు గట్టిగా చెప్పుడు.

ఈ వ్యాసము ముగించుచుండగా ఆ తండ్రి మరల వచ్చెను. మరియొక మధ్యవర్తికి ఇచ్చుటకు ఫొటో తీయించినాడట. అంగడివాడు యంత్రసహాయమున ముఖమును తెలుపు చేసి ఇచ్చెనట. ఆ పిల్ల దానిని చేతబట్టి చూచి, "గిది నేను గాదు బాపూ, గిది పంపకు" అన్నదట. తండ్రి ఆ ఫొటోను పంపలేదు. తన బిడ్డ ఎట్లున్నదో అట్లే మరియొకటి తీయించినాడు. ఆ యింట తీర్పు వెలువడినది. మన యింటి తీర్పులు వెలువడవలసియున్నవి.